హైదరాబాదు చుట్టుపక్కల డీ-అడిక్షన్ కేంద్రాలు: మూడో రాత్రి ఎవరుంటారని అడిగి చూశాం

మద్యం మాన్పించే కేంద్రం కోసం హైదరాబాదులో వెతకడం మొదలుపెట్టిన కుటుంబాన్ని ముందుగా ముంచెత్తేవి ప్రకటనలే. ఫోనులో దగ్గర్లోని డీ-అడిక్షన్ సెంటర్ అని కొడితే చాలు, కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా, ఔటర్ రింగు రోడ్డు అవతలి తోటల దాకా పేర్లు వరసపెట్టి వస్తాయి. ఇంచుమించు అన్నింటికీ నాలుగున్నర నక్షత్రాలకు తగ్గని రేటింగే ఉంటుంది. మా బాబాయి కోసం కిందటేడు మా పిన్ని, నేను కలిసి వీటిలో కొన్నింటికి ఫోన్లు చేసి, కొన్నింటిని స్వయంగా వెళ్లి చూసి, చివరికి ఒకచోట ఆయన్ను చేర్పించాం. అప్పుడు చూసినవాటిని పోల్చి చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ప్రైవేటు కేంద్రాల పేర్లు రాయడం లేదు. అక్కడ చికిత్సలో ఉన్నవారి గోప్యత ఒక కారణమైతే, ఈ రంగంలో డాక్టరో కౌన్సెలరో మారిపోయిన ఆరు నెలలకు అదే పేరుతో వేరే కేంద్రం నడుస్తుందన్నది మరో కారణం.

ఆ నక్షత్రాలను నేను పెద్దగా పట్టించుకోలేదు. దొంగ సమీక్షల సంగతి అటుంచితే, నిజాయితీగా రాసినవి కూడా చాలావరకు డిశ్చార్జి రోజున రాసినవే. నెల రోజులు చుక్క ముట్టని మనిషి గడ్డం గీసుకుని, కాస్త ఒళ్లు చేసి, సంచీ పట్టుకుని ఇంటికి బయలుదేరుతున్నప్పుడు ఏ భార్య అయినా అయిదు నక్షత్రాలే ఇస్తుంది. ఆరు నెలల తర్వాత వచ్చి ఆ మాటను సవరించినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. అందుకే ఒకటి, రెండు నక్షత్రాలు ఇచ్చినవాటినే ముందు చదివాను. వాటిలో భోజనం మీద, దోమల మీద చేసిన ఫిర్యాదులను పక్కన పెట్టి, ఫోను మాట్లాడనివ్వలేదు, డాక్టరును చూడనేలేదు, కట్టిన అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు అన్న మాటలు ఏయే కేంద్రాల కింద మళ్లీ మళ్లీ వస్తున్నాయో గమనించాను. దాంతో జాబితా సగానికి సగం తగ్గింది.

ఇక ఫోన్లు. ప్రకటనల్లో కనిపించే నంబర్లన్నీ కేంద్రాలవే అనుకోనక్కరలేదు. రెండు వేర్వేరు పేర్లకు చేసిన ఫోన్లు ఒకే గొంతుతో పలకడం మేమే విన్నాం. "మీ ఏరియా ఏది సార్, బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" అని మొదలుపెట్టేవారు చాలావరకు పేషెంట్లను ఏదో ఒక కేంద్రానికి పంపి కమీషను తీసుకునే మధ్యవర్తులేనని తర్వాత అర్థమైంది. ఒక ఆసుపత్రి యూనిట్‌లో ఫోను ఎత్తిన నర్సు మాత్రం డబ్బు ఊసెత్తకుండా, చివరిసారి తాగింది ఎప్పుడు, రోజుకు ఎంత, గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, షుగరు, బీపీ, కామెర్లు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగి, "తీసుకొచ్చేదాకా మీరు ఇంట్లో బలవంతంగా ఆపెయ్యకండమ్మా, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం" అని మా పిన్నికి చెప్పింది. కేంద్రాన్ని ఎంచుకోవడంలో మాకు దారి చూపింది ఆ ఒక్క మాటే.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువ మోతాదులో తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే, చివరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి చలించి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు పెట్టే స్థితి వస్తుంది. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అని పిలిచే ఈ స్థితిలో సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. వైద్యం తెలిసినచోట దీన్ని దాటించే పద్ధతి స్పష్టంగానే ఉంది: క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందును వణుకు, నాడి, చెమటలను చూసుకుంటూ మోతాదు కట్టి ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతారు; కాలేయం బాగా దెబ్బతిన్నవారికి లోరాజెపామ్ వైపు మొగ్గుతారు; థయామిన్ అనే బి1 విటమిన్‌ను ఇంజెక్షనుగా, గ్లూకోజు సెలైను కన్నా ముందే ఇస్తారు, ఎందుకంటే బి1 అడుగంటిన ఒంట్లో గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఇదంతా చెయ్యడానికి డాక్టరు, నర్సు, కేస్‌షీటు కావాలి; తోట, ధ్యానమందిరం, ఈతకొలను అక్కరలేదు.

కాబట్టి వెళ్లిన ప్రతిచోటా మేము ఒకే ప్రశ్న అడిగాం: చేరిన మూడో రాత్రి రెండు గంటలప్పుడు మనిషికి ఫిట్స్ వచ్చినా, మతి చలించినా ఇక్కడ ఎవరుంటారు, ఏం చేస్తారు?

నగర శివార్లలో రెండంతస్తుల అద్దె ఇంట్లో నడిచే ఒక కేంద్రం చూశాం. నెలకు 20,000 లోపే. తాను కూడా ఒకప్పుడు తాగి మానినవాడినేనని నిర్వాహకుడు దాచకుండా చెప్పాడు. ఆ మాటలో కపటం లేదు, తాగుడు మానిన మనిషి తాగే మనిషితో మాట్లాడే తీరు ఏ డిగ్రీకీ రాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మందుల గది అని చూపించినది వంటింటి పక్కనున్న ఒక స్టీలు బీరువా అర. అందులో ప్లాస్టిక్ డబ్బాల మీద స్కెచ్‌పెన్నుతో పేషెంట్ల పేర్లు రాసి ఉన్నాయి. లోపల రెండేసి మూడేసి గోళీలుగా కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు, వాటిమీద మందు పేరున్న భాగం కత్తెరకు పోయింది. ఏ గోళీ ఏమిటని అడిగితే, "అది మా వార్డెన్‌కు తెలుసండీ" అన్నాడు. మూడో రాత్రి సంగతికి, "మా దగ్గర అలాంటివి రావండీ, వచ్చినా మా కుర్రాళ్లు పట్టుకుంటారు" అని జవాబిచ్చాడు. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్లుకు బయటినుంచి తాళం వేసి ఉంది. మా పిన్ని అక్కడే నా చొక్కా పట్టుకుని లాగి, "పదరా, పోదాం" అంది.

రెండో రకం కేంద్రం దీనికి పూర్తిగా విరుద్ధం. నెలకు లక్ష దాటుతుంది. పచ్చిక, కొబ్బరిచెట్లు, ఒక్కొక్కరికి ఒక్కో ఏసీ గది, ఉదయం యోగా, సాయంత్రం సంగీతం, పక్కన ఆర్గానిక్ కూరగాయల తోట. మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా, మూడు నెలల ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు ఉంటుందనీ, "హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ" అనీ చెప్పింది. తాగుడు మాన్పించడంలో గ్యారంటీ అన్న మాట వాడే చోట నాకు వెంటనే అనుమానం వస్తుంది, ఎందుకంటే ఇది బీపీ, షుగరులాగా తిరగబెట్టే జబ్బు. అమెరికాలో మాదకద్రవ్యాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ, చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మందికి మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంటుందని చెబుతుంది. సైకియాట్రిస్టు వారానికి రెండుసార్లు వస్తారట. మూడో రాత్రి ప్రశ్నకు ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, అంబులెన్సులో పట్నంలోని టై-అప్ ఆసుపత్రికి పంపుతామని నిజమే చెప్పింది. ఆ దారిలో మేము వచ్చినప్పుడు పట్టిన సమయం గుర్తుకొచ్చింది. వేరేచోట వైద్యం చేయించుకుని, వణుకులు తగ్గి, కొంతకాలం ఇంటికి దూరంగా ఉండాలనుకునేవారికి, డబ్బుకు ఇబ్బంది లేనివారికి ఆ చోటు బాగానే ఉంటుంది. మొదటి వారానికి మాత్రం పనికిరాదు.

మేము చేర్పించినది జనరల్ ఆసుపత్రిలో ఒక అంతస్తులో నడిచే సైకియాట్రీ యూనిట్‌లో. చూడడానికి ఏమీ బాగుండదు. ఫినాయిలు వాసన, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యాహ్నానికి చల్లారిపోయే సాంబారు. అదే ప్రశ్న అడిగితే డ్యూటీ డాక్టరు జవాబుగా ఒక కేస్‌షీటు తీసి, పేరు కనిపించకుండా పై భాగం అరచేత్తో మూసి, మధ్య పేజీ చూపించారు. నిలువు గడుల్లో గంటలు వేసి ఉన్నాయి: రాత్రి 10, 2, ఉదయం 6. ప్రతి గడిలో నాడి, బీపీ, వణుకు, చెమట, మాటల్లో తేడా ఏమైనా ఉందా, ఇచ్చిన మోతాదు, ఇచ్చిన నర్సు పొడి సంతకం. రెండు గంటల గడిలో మోతాదు పెంచి, పక్కన ఎర్ర సిరాతో డాక్టరుకు ఫోను చేసిన సమయం రాసి ఉంది. కింది అంతస్తులో ఐసీయూ. మా పిన్నికి ఇంగ్లీషు రాదు. ఆమె ఆ కాగితం వంక చూసి, "రాత్రిపూట కూడా ఎవరో ఒకరు లేచి చూస్తున్నారన్నమాట" అంది.

బాబాయి అక్కడ రెండు వారాల లోపే ఉన్నారు. వణుకులు, నిద్ర పట్టకపోవడం తప్ప పెద్ద గండం ఏదీ రాకుండానే మొదటి వారం గడిచింది. లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష అనిపించుకోదు: ఉన్న ఒక్క కౌన్సెలర్‌కు పేషెంట్లు ఎక్కువ, ఒక్కొక్కరికీ దొరికే సమయం తక్కువ, సాయంత్రం అయిదు తర్వాత టీవీ తప్ప మరో వ్యాపకం లేదు, కుటుంబంతో కూర్చునే సెషను వారానికి ఒక్కసారే, అది కూడా ఆలస్యంగా మొదలయ్యేది. పరీక్షల బిల్లులు ముందు చెప్పిన దానికన్నా పెరిగాయి. రేటింగు ఇవ్వాల్సి వస్తే వైద్యానికి అయిదుకు నాలుగున్నర, కౌన్సెలింగ్‌కు రెండున్నర ఇస్తాను.

ప్రభుత్వ ఆసుపత్రుల మాట ఎత్తగానే మా ఇంట్లో జరిగిన సంభాషణ చాలా ఇళ్లలో జరిగేదే. "ఎర్రగడ్డా? మీ బాబాయికి పిచ్చి కాదురా, తాగుడు" అంది పిన్ని. ఎర్రగడ్డ అన్న పేరును తిట్టుగా వాడే అలవాటు మన ఊళ్లో ఎంత పాతుకుపోయిందంటే, అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో మద్యం, మత్తు బాధితులకు చికిత్స ఉందన్న సంగతే చాలామంది చెవికి ఎక్కదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు వణుకులతో, భ్రమలతో తల్లడిల్లినవారిని కుటుంబాలు తీసుకెళ్లింది అక్కడికే. తాగుడు ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే ఈ బాధలను, అంటే విత్‌డ్రాయల్‌ను, అంత పెద్ద ఎత్తున చూసిన సిబ్బంది ప్రైవేటు కేంద్రాల్లో దొరకడం కష్టం. రద్దీ, వేచి ఉండడం, వార్డు పరిస్థితులు అందరికీ సరిపడకపోవచ్చు. కానీ ఖర్చు భరించలేక ఊరి చివర తాళం వేసిన ఇంట్లో చేర్పించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. గాంధీ, ఉస్మానియా వంటి బోధనాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. మత్తు విముక్తికి ఆ శాఖ నడిపే 14446 నంబరుకు ఫోను చేస్తే దగ్గర్లోని వాటి వివరాలు చెబుతారు. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416 తెలుగులోనూ అందుతుంది. రెండూ ఉచితం. ఆ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన, 2019లో వెలువడిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక రకమైన చికిత్స అందింది 38 మందిలో ఒకరికే, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరే. ప్రకటనల రద్దీ చూస్తే ఈ లెక్క నమ్మబుద్ధి కాదు.

చాలా కేంద్రాలు గొప్పగా చెప్పుకునే ఒక సేవ ఉంది: పికప్. తాగే మనిషి రానంటే నలుగురు కుర్రాళ్లు వచ్చి కారులో ఎక్కించుకుపోతారు, దానికి వేరే ఛార్జీ. విసిగిపోయిన కుటుంబాలకు ఇది వరంలా కనిపిస్తుందని నాకు తెలుసు, మా ఇంట్లో కూడా ఈ ప్రస్తావన వచ్చింది. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. దాని ప్రకారం ఇలాంటి కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. తనంతట తాను చేరిన మనిషి వెళ్లిపోతానంటే పంపాలి. అవసరమనిపిస్తే పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవారిని వారి తరఫున నిలిచే ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, మరొక నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి, ఆ చేరిక కూడా 30 రోజులకు మించకూడదు. పొడిగించడానికి వేరే ప్రక్రియ ఉంది. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. బలవంతంగా గుండు గీయించకూడదు. ఫోను మాట్లాడే హక్కు, వచ్చినవారిని కలిసే హక్కు ఉన్నాయి. ఫిర్యాదు చెయ్యవలసిన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు చిరునామా, ఫోను నంబరు అందరికీ కనిపించేలా గోడ మీద పెట్టాలి. వెళ్లిన ప్రతిచోటా నేను ఆ గోడ కోసం చూశాను. మొదటి కేంద్రంలో ఆ గోడకు దేవుళ్ల పటాలు, ఏదో సంఘం ఇచ్చిన సన్మానపత్రం ఉన్నాయి. మొదటి నెల ఎవరినీ కలవనివ్వం, ఫోను ఉండదు, అది మా పద్ధతి అని చెప్పిన కేంద్రాన్ని మేము ఇంకేమీ అడగకుండానే వదిలేశాం.

ఇలాంటిదే ఇంకొకటి, తాగే మనిషికి తెలియకుండా కూరలో కలిపే పొడి. కొందరు దీన్ని ఆయుర్వేదమంటూ అమ్ముతారు. కొన్నిచోట్ల డైసల్ఫిరామ్ గోళీనే పొడి చేసి కలిపెయ్యమని సలహా ఇస్తారు. డైసల్ఫిరామ్ మంచి మందే, కానీ అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె వేగం పెరిగి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణాపాయం. తాగితే ఏమవుతుందో తెలుసుకుని, ఒప్పుకుని, రోజూ ఇంట్లో ఒకరి ఎదురుగా వేసుకున్నప్పుడే అది పనిచేస్తుంది. దొంగచాటుగా ఇవ్వమన్న చోట వైద్యం లేదని అనుకోవచ్చు.

తెలంగాణలో కేంద్రాలను పోల్చేవారు అడగదగిన ఇంకో ప్రశ్న కల్లు గురించి. మన దగ్గర అమ్మే కల్లులో కొంత చెట్టు కల్లు కానే కాదు. ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపిన నీళ్లు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాదు వంటి చోట్ల ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం ఆసుపత్రులకు చేరింది అందుకే. అలాంటి కల్లుకు అలవాటుపడ్డ మనిషికి వదిలించాల్సింది నిద్రమాత్రల అలవాటు, దాన్ని వారాల పాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. "మీ దగ్గరికి కల్లు కేసులు వస్తే ఎలా చూస్తారు?" అని అడగండి. తేడా తెలిసిన డాక్టరు వెంటనే ఎన్నాళ్లుగా, ఏ ఊరి కల్లు అని ఎదురు ప్రశ్న వేస్తారు. తెలియనిచోట, "కల్లేగా, అది ఈజీ" అంటారు. ఈ రెండో మాట మేము విన్నదే. గంజాయికి, నొప్పి ఇంజెక్షన్లకు, దగ్గు మందు సీసాలకు వైద్యాలు మళ్లీ వేరు వేరు. అన్నింటికీ ఒకే 90 రోజుల పథకం చూపించే కరపత్రం చూస్తే మిగతాది చదవనక్కరలేదు.

చేర్పించడం తప్పనిసరి కాదన్న సంగతి కూడా ఏ ప్రకటనా చెప్పదు. గతంలో ఫిట్స్, మతి చలించడం లేనివారు, వేరే పెద్ద జబ్బులు లేనివారు, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నవారు సైకియాట్రిస్టు ఓపీలోనే, రోజూ లేదా రోజు విడిచి రోజు కనిపిస్తూ మానెయ్యవచ్చు. మా బాబాయికి అది కుదరదని పరీక్షించాకే చెప్పారు. ఏ మనిషికి ఏది అవసరమో ముందు బయటి సైకియాట్రిస్టుతో చెప్పించుకుని ఆ తర్వాత కేంద్రం కోసం వెతికితే సగం ఖర్చు, సగం గందరగోళం తగ్గుతాయి. పడకలు నింపుకోవాల్సిన కేంద్రాన్నే ఆ మాట అడిగితే ఏం చెబుతుందో ఊహించవచ్చు.

డిశ్చార్జి తర్వాత ఏం చేస్తారన్న దగ్గరే అన్ని కేంద్రాలూ బలహీనంగా కనిపించాయి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు నెలల తరబడి వాడాల్సినవి. కాలేయం స్థితిని బట్టి ఏది తగునో నిర్ణయించి, మధ్యమధ్య రక్తపరీక్షలు చెయ్యాలి. మేము చేర్పించిన యూనిట్‌లో తిరిగి రావాల్సిన తేదీ వేసి పంపారు, అంతవరకు బాగుంది. ఆ తేదీకి రాకపోతే ఫోను చేసేవాళ్లు ఎవరూ లేరు. ఖరీదైన కేంద్రంలో వాట్సాప్ గ్రూపు ఉందన్నారు, అందులో పొద్దున్నే సూక్తులు పంపుతారట. అద్దె ఇంటి కేంద్రానికి ఆఫ్టర్‌కేర్ అంటే మళ్లీ తాగితే మళ్లీ తీసుకురావడమే. ఈ ఖాళీని మాకు కొంతవరకు పూరించింది, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ). 1935లో అమెరికాలో మొదలైన ఈ సహవాసానికి ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు. హైదరాబాదులో తెలుగులో మాట్లాడుకునే మీటింగులు ఉన్నాయి. బాబాయి మొదట్లో వెళ్లనన్నారు, తర్వాత వెళ్లారు, మధ్యలో మానేశారు, ఇప్పుడు మళ్లీ వెళుతున్నారు. తాగేవారి ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంటుంది. పిన్నికి అక్కడ దొరికిన ఊరట మా యూనిట్‌లోని కుటుంబ సెషన్లలో దొరకలేదు. ఏ కేంద్రంలో చేరినా, డిశ్చార్జికి ముందే పేషెంటును ఒక ఏఏ మీటింగుకు పరిచయం చేస్తారా అని అడిగితే, బయటి ప్రపంచంతో ఆ కేంద్రానికి ఉన్న సంబంధం ఎంతో తెలుస్తుంది.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా కల్పించాలని పైన చెప్పిన చట్టమే అంటుంది, కాబట్టి కంపెనీ కట్టేస్తుందని కొన్ని కేంద్రాలు భరోసా ఇస్తాయి. కానీ ఆరోగ్య బీమా పాలసీల్లోని మినహాయింపుల్లో ఎక్స్‌క్లూజన్ 12 అనే కోడ్ కింద మద్యం, మాదకద్రవ్యాల అలవాటుకు చేసే చికిత్స, దాని పర్యవసానాలు తరచుగా ఉంటాయి. చేర్చే ముందే పాలసీ కాగితంలో ఆ కోడ్ ఉందో లేదో చూసుకుని, కంపెనీకి రాసి జవాబు తెప్పించుకోవడం మేలు. అడ్వాన్సు ఎంత, మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగి ఇస్తారు, మందులు, పరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయా అన్నది కూడా రసీదు మీద రాయించుకోవాలి. నోటి మాటగా చెప్పిన మొత్తానికీ చివరి బిల్లుకూ పొంతన కుదిరిన చోటు మాకు కనిపించలేదు.

ఆడవాళ్ల కోసం వెతికేవారి పరిస్థితి ఇంకా కష్టం. మేము ఫోను చేసిన వాటిలో వేరే వార్డు, రాత్రిపూట మహిళా సిబ్బంది ఉన్నారని చెప్పినవి బహు తక్కువ. వారికి జనరల్ ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలే మొదట చూడదగినవి.

హైదరాబాదుకు దూరంగా ఉన్నవారు ఇక్కడికే రావాలని లేదు. ఉత్తరాంధ్ర వారికి విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అనంతపురం, హిందూపురం వైపు వారికి బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య కేంద్రం దగ్గర. చిత్తూరు, నెల్లూరు వారు చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టీటీకే ఆసుపత్రికి వెళ్లడం పాత అలవాటే. కుటుంబాన్ని కూడా చికిత్సలో భాగం చెయ్యడానికి అది పేరు పొందింది. అయితే దూరం వెళ్లేకొద్దీ డిశ్చార్జి తర్వాత నెలనెలా డాక్టరుకు చూపించుకోవడం తగ్గిపోతుంది కాబట్టి, తిరిగొచ్చాక చూసే సైకియాట్రిస్టును సొంత జిల్లాలోనే ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి.

ఎక్కడికి ఫోను చేసినా ముందు ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి దగ్గర పెట్టుకోండి: మనిషి వయసు, ఏం తాగుతారు, రోజుకు ఎంత, పొద్దున లేవగానే కావాలా, చివరిసారి ఎప్పుడు, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ గానీ భ్రమలు గానీ వచ్చాయా, వేసుకుంటున్న మిగతా మందులు, ఈ మధ్య చేయించిన కాలేయ పరీక్ష. అవతలివారు ఈ వివరాలు అడగకుండా ధర చెప్పడం మొదలుపెడితే ఆ ఫోను పెట్టేసి తర్వాతి నంబరుకు చెయ్యవచ్చు.